గుంత దాటాక ఎన్ని చుట్లు?

కారు అలాయ్ చక్రాన్ని మార్కెట్లోకి పంపేముందు దాని మీద ఒక గట్టి దెబ్బ వేసి చూస్తారు. ఆ పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, పేరు ఐఎస్‌ఓ 7141. టైరు ఎక్కించి గాలి నింపిన చక్రాన్ని 13 డిగ్రీల వాలులో బిగిస్తారు. 23 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక ఇనుప దిమ్మను దాని అంచు మీదికి వదిలేస్తారు. దిమ్మ ఎంత బరువుండాలో లెక్క ఉంది: చక్రం మోయగల గరిష్ఠ భారంలో 60 శాతం, దానికి మరో 180 కిలోలు కలపాలి. చక్రం 400 కిలోలు మోసేదైతే దిమ్మ 420 కిలోలన్నమాట. దెబ్బ పడ్డాక చూసేవి మూడు. స్పోకులు, బోల్టులు పట్టే మధ్యభాగం ఈ పక్కనుంచి ఆ పక్కకు పగిలిపోకూడదు. మధ్యభాగం నుంచి రిమ్ము ఊడిపోకూడదు. టైరులో గాలంతా ఒక్క నిమిషంలోపు పోకూడదు. దెబ్బ తగిలిన చోట రిమ్ము అంచు వంగిపోయినా, అక్కడే కాస్త చిట్లినా చక్రం పాసయినట్టే.

అంటే గుంతలో పడి సొట్టపోయిన రిమ్ము నాసిరకపుదే అయివుండాలని లేదు. గాలిని పట్టి ఉంచి, మిమ్మల్ని రోడ్డు పక్కకు చేర్చిందంటే తన పని అది చేసింది. పరీక్ష అడిగేది అంతవరకే. ఆ వంగిన చక్రంతో మర్నాడు ఆఫీసుకు వెళ్లొచ్చా, మెకానిక్ దొరికేదాకా నాలుగు రోజులు తిప్పొచ్చా అన్న సంగతి దాని పరిధిలో లేదు. మన ఇళ్లలో మాత్రం రేపొద్దున వచ్చే ప్రశ్న అదే.

ముందు గుంతలో జరిగేదేమిటో చూద్దాం. చక్రం తన బరువుకే గుంతలోకి జారుతుందని అనుకుంటాం. నిజానికి దాన్ని కిందికి నెట్టేది నెత్తిన ఉన్న స్ప్రింగు. ఒక మూల కారు బరువు 300 కిలోలు, ఆ చక్రం, దాని హబ్బు, బ్రేకు కలిపి 40 కిలోలు అనుకుంటే, కింద నేల మాయమైన క్షణంలో చక్రం మీద పడే తోపు భూమ్యాకర్షణకు దాదాపు ఎనిమిదిన్నర రెట్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 60 సెంటీమీటర్ల పొడవు గుంతను దాటడానికి పట్టే సమయం సెకనులో 36 వెయ్యో వంతులు. కన్ను మూసి తెరిచేంత కూడా కాదు. షాక్ అబ్జార్బర్ అడ్డు పడకపోతే అంతలోనే చక్రం 5 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ వెంటనే గుంత అవతలి అంచు ఎదురవుతుంది. వేగంగా పోతే గుంత తెలియదని కొందరు చెప్పే మాటలో ఒక పాలు నిజం ఉంది, చక్రం దిగేది తగ్గుతుంది. కానీ దిగినంత మేర అవతలి అంచును కొట్టుకునేది అదే వేగంతో. వేగం రెట్టింపయితే ఆ దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలు. తారు కాక సిమెంటు రోడ్డయితే అంచు మరీ పదును. వానాకాలంలో గుంత నిండా నీళ్లుంటే లోతే తెలియదు. ఇంకో మాట: గుంత చూడగానే బ్రేకు తొక్కడం సహజమే, తొక్కాలి కూడా, కానీ చక్రం అంచు దాకా వచ్చాక కాలు తీసేయాలి. బ్రేకు పట్టి ఉంచితే కారు ముక్కు కిందికి వంగి ముందు స్ప్రింగులు అప్పటికే నలిగిపోయి ఉంటాయి. దెబ్బను మింగడానికి వాటి దగ్గర ఏమీ మిగలదు.

స్ప్రింగు మింగలేనిది టైరు మింగాలి. ఈ పదిహేను ఇరవై ఏళ్లలో మన కార్లు పోగొట్టుకున్నది ఇక్కడే. 195/65 ఆర్ 15 అని రాసి ఉన్న టైరుకు రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా దాదాపు 127 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉంటుంది. 215/45 ఆర్ 17 టైరుకు ఆ గోడ 97 మిల్లీమీటర్లే. బయటి వ్యాసంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, ఒక సెంటీమీటరు అటూ ఇటూ. షోరూములో చూడముచ్చటగా ఉండే పెద్ద అలాయ్ చక్రం మూడు సెంటీమీటర్ల మెత్తదనాన్ని తిని పెద్దదయింది. గాలి తక్కువగా ఉంటే ఆ కాస్త కూడా లేనట్టే. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు గోడ నలిగిపోతుంది, రిమ్ము నేరుగా దెబ్బ తింటుంది.

ఆ దెబ్బకు ఇనుప రిమ్ము ఒకలా స్పందిస్తుంది, అలాయ్ ఒకలా. స్టీలు రేకును నొక్కి, రెండు ముక్కలను వెల్డింగ్ చేసి తయారయ్యే రిమ్ము సాగే గుణం ఉన్నది. వంగుతుంది, సొట్టపోతుంది, మామూలు దెబ్బకు చీలదు. అలాయ్ చక్రం ఎక్కువగా పోతపని. అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం కలిపి, కరిగించి అచ్చులో పోస్తారు. తర్వాత 540 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ 150 పైచిలుకు డిగ్రీల్లో నానబెట్టినట్టు ఉంచుతారు. ఆ రెండో వేడిలో మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా లోహంలో విడివడతాయి. చక్రం గట్టిదనంలో పెద్ద పాలు ఆ రేణువులదే. ఇది గుర్తు పెట్టుకోవాలి, రిపేరు షాపు దగ్గర మళ్లీ పనికొస్తుంది. స్టీలుతో పోలిస్తే ఇలా పోతపోసిన లోహం సాగేది చాలా తక్కువ. కొంత వంగి, ఆపైన చిట్లుతుంది.

చిట్లినది అలా ఉండిపోతే బెంగ లేదు. ఇనుప తీగను చేత్తో తెంపాలంటే ఎలా అటూ ఇటూ వంచుతామో, తిరిగే చక్రం తన పగులును అలా వంచుతూనే ఉంటుంది. లోహం అలసటతో విరుగుతుందన్న సంగతి రైళ్లు నేర్పిన పాఠం. 1842లో పారిస్ దగ్గర వెర్సాయ్ దారిలో ఒక రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు 1850, 60లలో ఇరుసులను లక్షల సార్లు తిప్పి తిప్పి పరీక్షించాడు. ఒక్కసారికి విరగని భారం కింద కూడా లోహం పదే పదే వంగితే విరుగుతుందని చూపించాడు. స్టీలుకు ఒక హద్దు ఉంది, ఆ భారానికి లోపల ఉంటే ఎన్నిసార్లు తిరిగినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు.

అందుకే దెబ్బతిన్న చక్రం విషయంలో రోజుల లెక్క పనికిరాదు, చుట్ల లెక్కే చెయ్యాలి. మామూలు కారు చక్రం చుట్టుకొలత రెండు మీటర్లకు అటూ ఇటూ. కిలోమీటరుకు 500 చుట్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు 270 కిలోమీటర్లు అనుకున్నా లక్షా ముప్పై అయిదు వేల చుట్లు. ప్రతి చుట్టులో పగులు నోరు ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. వారం రోజులు ఇంటి ముందు నిలబెట్టిన కారులో పగులు పెరగదు. ఒక్క రాత్రి ప్రయాణంలో పెరగొచ్చు. 1960లలో పాల్ పారిస్ అనే అమెరికన్ ఇంజనీరు పగులు పెరిగే తీరుకు ఒక సూత్రం రాశాడు. భారానికీ పగులు వేగానికీ సంబంధం తిన్నగా ఉండదు, అది చాలా లోహాల్లో మూడో ఘాతమో నాలుగో ఘాతమో. భారం రెట్టింపయితే ఒక్కో చుట్టులో పగులు పాకే దూరం ఎనిమిది నుంచి పదహారింతలు. పైగా పగులు పొడవైన కొద్దీ దాని కొన మీద పడే ఒత్తిడి కూడా పెరుగుతుంది. మొదట మెల్లగా పాకి, చివర్లో పరుగెత్తుతుంది. కాబట్టి ఇంకో దారి లేక అలాంటి చక్రంతో కొద్ది దూరం కదలాల్సి వస్తే, మనుషులనూ సామాన్లనూ దించేయడం భయంతో చేసే పని కాదు, లెక్క ప్రకారం చేసే పని.

ఇక రోడ్డు పక్కన చేయాల్సింది. పెద్ద శబ్దం వచ్చిన వెంటనే గట్టిగా బ్రేకు వేయకుండా, మెల్లగా వేగం తగ్గించి, అంచుకు తీసి, హజార్డు లైట్లు వేసి, త్రికోణపు బోర్డును వెనక దూరంగా పెట్టాలి. హైవే మీదైతే లోపల ఎవరూ కూర్చోకూడదు, రెయిలింగు అవతల నిలబడటం మేలు. జాతీయ రహదారి మీద సాయానికి 1033 నంబరుంది. దిగాక చాలామంది చక్రం బయటి ముఖాన్ని చూసి, గీత కూడా పడలేదని ఊపిరి పీల్చుకుంటారు. చూడాల్సింది అది కాదు. స్పోకులు రిమ్మును పట్టుకునేది ఎక్కువ కార్లలో బయటి అంచు దగ్గర. లోపలి అంచుకు ఆ ఊతం లేదు, అందుకే ఎక్కువగా వంగేది, చిట్లేది అదే. ఫోను లైటు వేసుకుని, వంగి, బండి కిందినుంచి చూడాలి. స్టీరింగు తిప్పితే ముందు చక్రం లోపలి వైపు కొంత బయటికొస్తుంది. వెనక చక్రానికి ఆ సౌకర్యం లేదు.

చూసేటప్పుడు టైరు గోడను వేళ్లతో తడమండి. ఎక్కడైనా బొడిపెలా ఉబ్బి ఉంటే లోపలి దారపు పొరలు తెగాయని అర్థం. అక్కడ గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరు. దానికి అతుకు లేదు, ఓపికపట్టడమూ లేదు, ఆ టైరు పని అయిపోయింది. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి ఒక పక్కకు లాగుతుంటే దెబ్బ చక్రంతో ఆగలేదు, టై రాడ్డో లోయర్ ఆర్మో వంగి ఉంటుంది. అప్పుడు చక్రం మార్చినా ప్రయాణం కుదరదు, బండిని ట్రక్కు మీద ఎక్కించాల్సిందే. అవేవీ లేవు, లోపలి అంచు కొద్దిగా వంగింది, గాలి నిలుస్తోంది, పగులు కనిపించడం లేదు అంటే ఆ చక్రంతో దగ్గరి ఊరిదాకా నెమ్మదిగా పోవచ్చు. గాలి కొద్దికొద్దిగా దిగుతుంటే సబ్బు నీళ్లు పోసి బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలి. టైరూ రిమ్మూ కలిసే అంచు నుంచి వస్తే వంపు వల్ల కావచ్చు. రిమ్ము లోహం మధ్యలోంచి వస్తే అది పగులే, సందేహం అక్కర్లేదు. గాలి పూర్తిగా పోయిన టైరు మీద మాత్రం పది గజాలు మించి నడపకూడదు. రిమ్ము టైరు గోడల్ని లోపలినుంచి నమిలేస్తుంది, బాగుచేయించగలిగిన టైరు కూడా చెత్తబుట్టకే.

అప్పుడు స్టెప్నీ తీయాలి. దీని చరిత్రలోనే ఈ వ్యాసం విషయమంతా ఉంది. 1904లో వేల్స్‌లోని లనెల్లీ పట్నంలో, స్టెప్నీ వీధిలో, డేవీస్ సోదరులు ఒక వస్తువు తయారు చేశారు. అప్పటి కార్లకు అదనపు చక్రం పెట్టుకునే ఏర్పాటు లేదు, దారిలో టైరు పోతే అక్కడే కూర్చుని బాగుచేసుకోవడమే. వీళ్లు చేసింది స్పోకులు లేని ఉత్త రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. దెబ్బతిన్న చక్రాన్ని విప్పే పనే లేదు, దానికి ఆనించి ఈ రిమ్మును క్లాంపులతో బిగించి ఇంటిదాకా వెళ్లడమే. మొదటి నుంచీ అది తాత్కాలిక సాధనమే. ఇప్పుడు చాలా కార్లలో వచ్చే సన్నపాటి స్టెప్నీ కూడా అంతే, గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. దాన్ని నడిపే చక్రాలకు, అంటే మన కార్లలో ఎక్కువగా ముందు చక్రాలకు, పెట్టకపోవడం మంచిది. టైర్ల వ్యాసంలో తేడా ఉంటే రెండు పక్కలా చక్రాలు వేర్వేరు వేగాలతో తిరుగుతాయి, డిఫరెన్షియల్ ఎడతెగకుండా పనిచేసి వేడెక్కుతుంది. ముందు చక్రం పోతే, వెనకనుంచి మంచి చక్రం ఒకటి ముందుకు తెచ్చి, సన్న స్టెప్నీని వెనక పెట్టాలి. ఎండలో రెండు సార్లు జాకీ ఎత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు, అయినా చేయాలి.

స్టెప్నీలో గాలి ఉందా అన్నది వేరే కథ. డిక్కీలో ఏళ్ల తరబడి పడి ఉన్నదానికి గాలి కొట్టించడం ఎవరికి గుర్తుంటుంది? సన్న స్టెప్నీకి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి, తరచుగా 60 పీఎస్ఐ. టైరు గోడ మీద నాలుగంకెల గుర్తు వయసు చెబుతుంది: 2319 అంటే 2019లో 23వ వారం. నట్లను చక్రం నేల మీద ఉండగానే సడలించాలి, బిగించేటప్పుడు వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. చిన్న కార్లలో చాలావాటికి నట్టు బిగింపు 10 కిలోగ్రామ్-మీటర్ల చుట్టుపక్కల. అంటే పావు మీటరు పొడవు స్పానరు కొన మీద 40 కిలోల బరువు. స్పానరు మీదికెక్కి గెంతితే నట్టు బిగియడమే కాదు, బోల్టు సాగుతుంది కూడా. కారుతో వచ్చిన పుస్తకంలో అంకె ఉంటుంది.

2020లో వచ్చిన సవరణ ప్రకారం, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడిని చెప్పే సెన్సార్లు, రిపేరు కిట్ ఉన్న కార్లకు మన దేశంలో స్టెప్నీ తప్పనిసరి కాదు. కిట్‌లో ఉండే జిగురు ద్రవం టైరు నడినెత్తిన మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రానికి బాగానే పనిచేస్తుంది. రిమ్ము వంపుకీ, పగులుకీ, గోడ చీలికకీ పనికిరాదు. గుంతల రోడ్ల మీద ఈ సడలింపును మెచ్చుకోవడం నావల్ల కాదు. డిక్కీలో కొంత చోటు మిగిలింది, హైవే మీద అర్ధరాత్రి పూట దాని ధర తెలుస్తుంది.

స్టెప్నీ లేనివాళ్లు, ఉన్నా మళ్లీ డిక్కీలోకి పంపాలనుకునేవాళ్లు పంచర్ షాపు చేరతారు. అక్కడ దొరికే సలహాల్లో మొదటిది, "ట్యూబ్ వేసేద్దాం సార్, గాలి పోతే అడగండి." స్టీలు రిమ్ము కొద్దిగా వంగి, అంచునుంచి గాలి దిగుతుంటే, ఇది ఊరు చేర్చే మాట నిజమే. అయినా ట్యూబ్‌లెస్ టైరులోపల ట్యూబు రాసుకుని వేడెక్కుతుంది, పోతే ఒక్కసారిగా పోతుంది. అలాయ్ చక్రంలో పగులుంటే మాత్రం ఈ సలహా అన్నింటికన్నా ప్రమాదం. ఎందుకో చెప్పడానికి సికోర్‌స్కీ హెలికాప్టర్ల సంగతి చెప్పాలి. ఎస్-61 లాంటి హెలికాప్టర్ల రెక్కల్లో పొడవునా ఉండే అల్యూమినియం దూలాన్ని బోలుగా చేసి, నైట్రోజన్ నింపి మూసేశారు. పక్కనొక సూచిక. దూలంలో వెంట్రుకంత పగులు వచ్చినా వాయువు కారుతుంది, సూచిక రంగు మారుతుంది, రెక్క విరగకముందే తీసేస్తారు. గాలి నిండిన ట్యూబ్‌లెస్ చక్రం తెలియకుండానే అదే పని చేస్తోంది. రిమ్ములో పగులు పాకుతుంటే గాలి దిగి చెబుతుంది. ట్యూబు వేస్తే, పగులు మీద ఎపాక్సీ ముద్ద పెడితే గాలి ఆగుతుంది, పగులు ఆగదు. చెప్పే నోరు మూయించినట్టవుతుంది, అంతే.

రెండో సలహా, వణికే చక్రాన్ని వెనక్కి మార్చడం. స్టీరింగులో వణుకు పోతుంది, నిజమే. కానీ వణుకు ఎక్కడికీ పోలేదు, సీటు కిందికి వచ్చింది. వంగిన రిమ్ము బరువు ఒక పక్కకు జరిగితే వచ్చే బలం ఎంతో చూడండి: ఇరుసు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో 30 గ్రాముల తేడా ఉంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు అయిదు కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. ఆ లాగే దిక్కు సెకనుకు 14 చుట్లు తిరుగుతుంది. 50లో పోతే బలం నాలుగో వంతు. అందుకే నెమ్మదిగా నడిపితే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఇక వెనక టైరు ఒక్కసారిగా పోతే బండి తోక తిరుగుతుంది, ముందుది పోయినదానికన్నా దాన్ని అదుపు చేయడం కష్టం. బలహీనమైన చక్రాన్ని కంటికి కనబడని చోటికి పంపడం నాకు నచ్చదు. గాలి నిలిచి, పగులు లేదని తేలిన వంపు అయితే సరే, అదీ నెమ్మదిగా, ఒక ఊరికి.

మూడోది సుత్తి. స్టీలు రిమ్ము అంచును సుత్తితో సరిచేయడం పాత విద్యే. అలాయ్‌ని చల్లగా కొడితే అంతకు ముందు లేని పగులు వస్తుంది. వేడి చేసి కొడదామంటే ఇంకో చిక్కు. ఇనుము ఎంత కాగిందో కమ్మరి రంగు చూసి చెబుతాడు. అల్యూమినియం ఎర్రబడకుండానే కరుగుతుంది, కన్ను చెప్పగలిగింది లేదు. 150 పైచిలుకు డిగ్రీల్లో పుట్టిన ఆ సన్నని రేణువులు గ్యాసు మంట కింద 300, 400 డిగ్రీలకు ముద్దకట్టి లావవుతాయి, లోహం మెత్తబడుతుంది. బయటికి చక్రం గుండ్రంగానే ఉంటుంది. మంచి షాపువాళ్లు ఉష్ణోగ్రత కొలుచుకుంటూ, హైడ్రాలిక్ జాకీతో కొద్దికొద్దిగా తోసి, డయల్ గేజి పెట్టి తిప్పి చూస్తారు. ఆర్గన్ వెల్డింగ్‌తోనూ ఇదే సమస్య, అతుకు గట్టిగా ఉన్నా దాని పక్క లోహం బలహీనపడుతుంది. లోపలి అంచు దగ్గర చిన్న పగులును అతికి నడిపేవాళ్లున్నారు. స్పోకుకో, బోల్టుల చుట్టుపక్కలో పగులు వస్తే ఎవరు అతుకుతానన్నా ఒప్పుకోకండి.

పగులుందో లేదో తేల్చడానికి ఖరీదైన యంత్రం లేకపోయినా పాత పద్ధతి ఒకటుంది, ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులకు వాడింది. చక్రాన్ని శుభ్రంగా తుడిచి కిరసనాయిలు పూసి కాసేపు ఉంచాలి. పైపైన పొడిగా తుడిచేసి సుద్దపొడి చల్లాలి. పగుల్లోకి దిగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి, సుద్ద మీద సన్నని తడి గీత తీస్తుంది. రంగు పొర మందంగా ఉంటే గీత రాదు, రంగు గీకి చూడాలి.

నన్నడిగితే, అలాయ్ బాగయ్యేదాకా అన్నింటికన్నా నమ్మకమైన ఏర్పాటు అదే కొలతల స్టీలు రిమ్ము ఒకటి కొనడం. అందం ఉండదు, ధర అలాయ్ కన్నా చాలా తక్కువ. రిమ్ము వెనక వేసి ఉన్న అంకెలు చూసుకోవాలి: వెడల్పు, వ్యాసం, ఆఫ్‌సెట్. బోల్టుల వృత్తం 4×100 అంటే నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తం. మధ్య రంధ్రం హబ్బుకు సరిపోవాలి. కొన్ని కార్లలో అలాయ్ నట్లకూ స్టీలు రిమ్ము నట్లకూ కూర్చునే వాలు వేరుగా ఉంటుంది, ఒకదానివి ఇంకోదానికి వేస్తే బిగిసినట్టే ఉండి సడలుతాయి. ఏ చక్రం వేసినా 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి. పగిలిన పాత అలాయ్‌ని పాతసామానువాడికి అమ్మేముందు స్పోకు ఒకటి కోయించండి. కోయకుండా ఇస్తే ఎవరో పగులు మీద రంగేసి ఇంకొకరి కారుకు తగిలిస్తారు.